గిలాసెడు పాలు, నాలుగు చాయ్‌లు

బరువు తగ్గాలని గట్టిగా అనుకున్న రోజు మన ఇళ్లలో మొదటి వేటు పాల మీద పడుతుంది. అన్నం అలాగే ఉంటుంది, పండగ పూట అప్పాలు అలాగే ఉంటాయి, సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ అలాగే ఉంటుంది. పాలను మాత్రం కొవ్వు పేరు చెప్పి పక్కన పెట్టేస్తాం. కొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా తిరగేసిన నమ్మకం కనిపిస్తుంది. రాత్రి అన్నం మానేసి పెద్ద గిలాసెడు పాలు తాగితే సన్నబడతామంటారు. ఆ పాలలో రెండు చెంచాల చక్కెర వేస్తారు, దాని మీద ఇంకో రెండు చెంచాల పౌడరు కలుపుతారు. నెల తిరిగి బరువు చూసుకునేసరికి ఇద్దరికీ నిరాశే మిగులుతుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. పాలను తాగే వస్తువుల్లోంచి తీసి తిండి లెక్కలో వేయండి. ఏ పాలు, ఎన్ని, వాటిలో ఏం కలిపాం అనే మూడు సంగతులు తెలిస్తే, పాలు మానకుండానే బరువు తగ్గొచ్చు. నన్నడిగితే మానకుండా తగ్గడమే మేలంటాను. ఎందుకో చెబుతాను.

మట్టెవాడ పాత వరంగల్‌లోని పేట. భోగేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల గల్లీల్లోకి తెల్లారేసరికి రెండు రకాల పాలు వస్తాయి. కిరాణా కొట్ల ముందు ట్రేల్లో దిగే ప్యాకెట్లు ఒక రకం. విజయ, కరీంనగర్, ముల్కనూరు మహిళల స్వకృషి, ఇంకా ప్రైవేటు డెయిరీలవి. రెండోది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండికి క్యాన్లు కట్టుకొని వచ్చి గుమ్మంలో కొలిచి పోసే బర్రె పాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే బర్రె పాలకే ఓటు. గిన్నెలో కాగి చల్లారాక పైన మందంగా మీగడ కడితే అవి మంచి పాలు, కట్టకపోతే నీళ్లు కలిపారని పాలాయనతో పంచాయితీ.

ఆ గల్లీల్లోనే ఉండే ఒక చెల్లె బరువు సంగతి మాట్లాడుతూ నాతో అన్నది: "అక్కా, పాలు తాగుడు బంద్ జేసి శానా రోజులాయె. ఒక్క కిలో గూడ తగ్గలె."

"మరి చాయ్?"

"చాయ్ ఎట్ల బంద్ జేస్తనక్కా! పొద్దుగాల రెండుసార్లు, పొద్దుమీకి రెండుసార్లు. అంతే."

ఆ "అంతే" దగ్గర ఆగి, వంటింట్లో ఆమె చాయ్ పెడుతుంటే పక్కన నిలబడి చూశాను. గిన్నెలో మొదట పాలే పోసింది. పాలు పొంగుకొచ్చాక కొంచెం నీళ్లు, చాయ్ పత్తి, దంచిన అల్లం. ఆమె తాగే కప్పులో నీళ్లు పోసి కొలిస్తే 120 మిల్లీలీటర్లు పట్టింది. అందులో పాలే 90 దాకా ఉంటాయి. చక్కెర రెండు చెంచాలన్నది, కానీ చెంచా మీద గుట్టగా లేచి ఉంది. రెండు కలిపితే పన్నెండు గ్రాములకు తక్కువ కాదు. చిక్కటి బర్రె పాలు 90 మిల్లీలీటర్లంటే దాదాపు 90 క్యాలరీలు. చక్కెరతో వచ్చేవి 48. కప్పుకు సుమారు 140 అయ్యాయి. రోజుకు నాలుగు కప్పులంటే 560.

ఆమె మానేసిన రాత్రి గిలాసెడు పాలు అవే పాలు. 200 మిల్లీలీటర్లు, చక్కెర లేకుండా తాగేది. దాని విలువ 200 క్యాలరీలు. ఆకలి తీర్చేది, కండకు పనికొచ్చేది, చక్కెర లేనిది అయిన ఆ ఒక్క గిలాస పోయింది. దానికి రెండున్నర రెట్లకు పైగా ఉన్న చాయ్‌లు ఉండిపోయాయి. చాయ్‌తో పాటు బిస్కెట్లు ఎటూ ఉంటాయి, వాటిని నేను లెక్కలో వేయనే లేదు.

ఇది ఆమె ఒక్కతె సంగతి కాదు. తెలంగాణలో చాయ్‌ని ఎవరూ తిండిగా చూడరు. చుట్టం వస్తే చాయ్, పని మధ్యలో చాయ్, తలనొప్పికి చాయ్, మాట కలపడానికి చాయ్. ఎంజీఎం ఆస్పత్రి ముందు, వరంగల్ చౌరస్తాలో, ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా పొయ్యి మీద పాలు మరుగుతూనే ఉంటాయి. పొద్దంతా బయట తిరిగే మనిషి "నేను పాలు ముట్టను" అని నిజాయితీగానే అంటాడు. అతని కడుపులోకి అర లీటరు పాలు, యాభై గ్రాముల చక్కెర చేరిపోయి ఉంటాయి. రోజుకు అదనపు చక్కెర 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఆరు చెంచాలు. మనకు మూడో చాయ్‌తోనే ఆ ఆరు చెంచాలు అయిపోతాయి.

ఇప్పుడు పాలలో ఏముందో చూద్దాం. క్యాలరీల లెక్క చాలా సులభం. కొవ్వు గ్రాముకు 9, మాంసకృత్తులు గ్రాముకు 4, చక్కెరలు గ్రాముకు 4. పాలలో సహజంగా ఉండే చక్కెర లాక్టోజ్. ఏ పాలైనా నూరు మిల్లీలీటర్లలో అది ఐదు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మాంసకృత్తులు మూడు నుంచి నాలుగు గ్రాములు. ఈ రెండూ పాలను బట్టి పెద్దగా మారవు. మారేది కొవ్వు ఒక్కటే. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కనీసం 6 శాతం కొవ్వు ఉండాలి. స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. స్కిమ్డ్ పాలలో అర శాతం దాటకూడదు. మంచి మేత తిన్న బర్రె పాలలో 7 శాతం కూడా మామూలే.

ఈ శాతాలను 200 మిల్లీలీటర్ల గిలాసలో పోసి చూడండి. ఇంటికొచ్చే బర్రె పాలు 200 క్యాలరీలు, ఫుల్ క్రీమ్ 175, టోన్డ్ 120, డబుల్ టోన్డ్ 90 దాకా. మాంసకృత్తులు మాత్రం అన్నిటిలోనూ ఆరేడు గ్రాములే, బర్రె పాలలో కాస్త ఎక్కువ. బర్రె పాలకూ డబుల్ టోన్డ్‌కూ మధ్య గిలాసకు 110 క్యాలరీల తేడా. డెబ్బై కిలోల మనిషి భద్రకాళి బండ్ మీద అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేవి 120 నుంచి 150. దాదాపు ఆ నడకంత తేడా ప్యాకెట్ మార్చడంలోనే వచ్చేస్తుంది. నడక మానేయమని దీనర్థం కాదు. నడక వల్ల గుండెకు, షుగర్‌కు, మనసుకు జరిగే మేలు వేరు. అది ఏ ప్యాకెట్‌తోనూ రాదు.

కొట్లో ప్యాకెట్ రంగు చూసి తీసుకోకండి. ఒక డెయిరీ నీలం రంగులో టోన్డ్ ఇస్తే ఇంకొకరు అదే నీలంలో వేరేవి అమ్మొచ్చు. ప్యాకెట్ మీద అక్షరాలు చదవండి. ఏ రకమో, కొవ్వు ఎంత శాతమో దాని మీదే రాసి ఉంటుంది. ఎ, డి విటమిన్లు కలిపిన పాలైతే ఇంగ్లిష్ ఎఫ్ అక్షరం పక్కన ప్లస్ గుర్తు ఉంటుంది. కొవ్వు తీసేసినప్పుడు దానితోపాటు ఎ విటమిన్ కూడా పోతుంది, కాబట్టి టోన్డ్, డబుల్ టోన్డ్ కొనేవాళ్లు ఆ గుర్తు ఉన్నవే ఎంచుకోవడం మంచిది.

చిక్కదనం మీద మనకున్న మోజు ఊరికే రాలేదు. ఊళ్లో పాల కేంద్రానికి వెళ్లి చూడండి. బర్రెను సాకే ఆడమనిషి క్యాన్ తెచ్చి పెడితే, అందులోంచి కాసిన్ని పాలు తీసి మిషన్‌లో పరీక్షిస్తారు. ఫ్యాట్ ఎంత వచ్చిందో దాన్ని బట్టే లీటరు ధర కడతారు. పాయింట్ పెరిగితే ఆమె చేతికొచ్చే డబ్బు పెరుగుతుంది. ముల్కనూరులో ఆడవాళ్లే సభ్యులుగా, ఆడవాళ్లే పాలకవర్గంగా సహకార డెయిరీని ఏళ్ల తరబడి నడుపుకుంటూ వస్తున్నారు. వాళ్ల ఇళ్లు నిలబడ్డది ఆ పాల మీదే. చిక్కటి పాలకు విలువ కట్టిన ఆ లెక్క పాడి రైతుకు న్యాయమైనదే. ఎండలో పొలం పని చేసే ఒంటికి ఆ వెన్న కరిగిపోతుంది కూడా. పొద్దంతా కుర్చీలోనో కొట్టు గల్లా ముందో కూర్చునే ఒంటికి ఆ కొవ్వు దాచుకోవడం తప్ప వేరే దారి ఉండదు.

పాలు తాగితేనే బరువు తగ్గుతుందనే మాట ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకోవాలి. సుమారు 2000 నుంచి అమెరికాలో టెనెస్సీ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మైఖేల్ జెమెల్ ఒక వాదన ముందుకు తెచ్చారు. ఆహారంలో కాల్షియం బాగా ఉంటే కొవ్వు కణాలు కొవ్వును తక్కువగా నిల్వ చేసుకుంటాయని ఆయన ప్రతిపాదన. అక్కడి పాడి పరిశ్రమ దాన్ని అందుకొని, రోజుకు మూడుసార్లు పాల పదార్థాలు తీసుకుంటే సన్నబడతారని దేశమంతా ప్రకటనలు గుప్పించింది. వైద్యుల సంఘం ఒకటి ఫిర్యాదు చేసింది. చివరికి 2007లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కలగజేసుకున్నాక ఆ ప్రకటనలు ఆగిపోయాయి. ఆధారం అంత గట్టిది కాదని తేలింది.

అలాగని పాలకు ఏ పాత్రా లేదని కాదు. 2012లో ఇరాన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. మిగతా తిండి తగ్గించకుండా పాలు, పెరుగు పెంచుకుంటూ పోయినవాళ్లకు బరువులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మొత్తం తిండి తగ్గించి, అందులో పాల పదార్థాలకు చోటు ఉంచినవాళ్లు మాత్రం మిగతావాళ్ల కంటే అర కిలో పైచిలుకు ఎక్కువ తగ్గారు. అంతకన్నా ముఖ్యమైనది, వాళ్లలో కొవ్వు ఎక్కువ కరిగింది, కండ ఎక్కువ మిగిలింది. అర కిలో పెద్ద సంఖ్య కాదు. కండ మిగలడం పెద్ద సంగతే.

బరువు తగ్గేటప్పుడు ఒంట్లోంచి కొవ్వు ఒక్కటే పోదు. తిండి తగ్గి మాంసకృత్తులు కూడా తగ్గితే, ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. మిషన్ మీద నాలుగు కిలోలు తగ్గినట్టు కనపడుతుంది, మెట్లెక్కితే మోకాళ్లు వణుకుతాయి. కండ తగ్గినకొద్దీ ఒళ్లు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు పెట్టే క్యాలరీలు కూడా తగ్గుతాయి. మళ్లీ మామూలు తిండికి వచ్చిన రోజు పోయిన బరువు వడ్డీతో సహా తిరిగొస్తుంది. దీన్ని ఆపాలంటే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులైనా కావాలి. ఐసీఎంఆర్ 2020లో పెద్దలకు చెప్పిన మోతాదు అది. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. మన పళ్లెంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. గుడ్డు, చికెన్ రోజూ తినేవాళ్లకు పర్లేదు. శనివారాలు, సోమవారాలు, కార్తీకం, శ్రావణం అని నీసు మానేసేవాళ్లకు, అసలే తిననివాళ్లకు పాలు, పెరుగు తీసేస్తే మిగిలేది చాలా తక్కువ.

కాల్షియం సంగతీ అంతే. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు అవసరమంటే, 300 మిల్లీలీటర్ల పాలలో అందులో మూడోవంతు పైగా దొరుకుతుంది. రాగుల్లో, నువ్వుల్లో, ఆకుకూరల్లో కూడా ఉంది, తప్పకుండా తినండి. కానీ బరువు వేగంగా తగ్గేటప్పుడు ఎముకల సాంద్రత కూడా కొంత తగ్గుతుంది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఇది రెట్టింపు నష్టం. యాభై దాటిన అమ్మలు, అత్తమ్మలు సన్నబడాలని ముందుగా పాలే మానేస్తుంటే నాకు నిజంగా భయం వేస్తుంది. ఇక బి12 విటమిన్. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది దాదాపు దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. షుగర్ కోసం ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లు పాలు కూడా ఆపేస్తే అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం ఎక్కడి నుంచి వచ్చాయో తెలియక తిరుగుతారు.

మరి ఎన్ని పాలు? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 2000 క్యాలరీల రోజువారీ పళ్లెంలో పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు ఉండాలని అందులో చెప్పారు. తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. పాలు, పెరుగు, చాయ్‌లో పోసినవి, మజ్జిగ చేసినవి అన్నీ కలిపితే ఆ 300. విడివిడిగా కాదు.

ఇంట్లో దీన్ని కొలవడానికి కొత్త సామాను ఏదీ అక్కర్లేదు. అర లీటరు ప్యాకెట్టే కొలత. రోజుకు ఇంట్లోకి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయి, ఎంతమంది తాగుతున్నారు? నలుగురున్న ఇంట్లోకి రోజుకు నాలుగు ప్యాకెట్లు వస్తుంటే మనిషికి అర లీటరు పడుతున్నట్టు. చిన్నపిల్లలుంటే వాళ్ల వాటా తీసేసి పెద్దల లెక్క చూడండి. మొదటి వారం ఏమీ మార్చకండి. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, చాయ్ పెట్టిన ప్రతిసారీ ఒక గీత, తోడు పెట్టిన పాలకు ఒక గీత, గిలాసలో తాగినదానికి ఒక గీత గీయండి. చక్కెర డబ్బా నింపిన తేదీ, అడుగంటిన తేదీ కూడా రాయండి. కిలో చక్కెర ఎన్ని రోజులకు అయిపోతున్నదో చూస్తే, బరువు ఎక్కడి నుంచి వస్తున్నదో సగం తెలిసిపోతుంది.

రెండో వారంలో చాయ్ పట్టండి. మానేయమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. పాలు పొంగించి నీళ్లు కలిపే అలవాటును తిరగేయండి. ముందు నీళ్లలో చాయ్ పత్తి, అల్లం, యాలకులు బాగా మరిగించి, చివర్లో సగానికి సగం పాలు పోయండి. రంగు, ఘాటు నీళ్లలోనే దిగుతాయి కాబట్టి రుచి అనుకున్నంత తగ్గదు. చక్కెరను ఒక్కసారిగా కొట్టేస్తే నాలుగు రోజులకే మళ్లీ మొదటికొస్తారు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక అలవాటు పడుతుంది. నెల తర్వాత పాత చాయ్ తాగిస్తే పానకంలా ఉందంటారు. బెల్లం వేస్తే ఫర్వాలేదనుకునేవాళ్లు చాలామంది. బెల్లానికీ చక్కెరకూ క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేనె కూడా అంతే. కప్పులు నాలుగు నుంచి రెండుకు వస్తే ఇంకా మంచిది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగకండి. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు, మన ఆడవాళ్లలో రక్తహీనత అసలే ఎక్కువ.

బర్రె పాలు పోయించుకునే ఇళ్లు డబుల్ టోన్డ్‌కు ఒక్కరోజులో మారమంటే మారవు. పాలాయనతో ఏళ్ల అనుబంధం ఉంటుంది, ఆయన నెల లెక్క మీద ఒక కుటుంబం బతుకుతుంటుంది. ఆ పాలే పోయించుకొని మీగడ తీయండి. రాత్రి పాలు సన్నటి సెగ మీద కాచి, కదపకుండా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దుటికి పైన తెల్లగా అట్టులా కట్టిన మీగడను చెంచాతో అంచు నుంచి లేపితే ఒక్క ముక్కగా వస్తుంది. అలా రెండుసార్లు కాచి రెండుసార్లు తీస్తే పాలు బాగా పలచబడతాయి. ఒక మాట గుర్తుపెట్టుకోండి. తీసిన మీగడ వేరే డబ్బాలో చేరి, వెన్నయి, నెయ్యయి, అదే మనిషి అన్నంలోకి రెండు చెంచాలు పడితే చేసిన పనంతా వృథా. ఆ నెయ్యి ఇంటిల్లిపాదికీ పంచండి, మీ వాటా చిన్న చెంచాకే ఆపండి. నీళ్లు కలిపి పలచన చేస్తే సరిపోదా అని అడుగుతారు. కొవ్వుతోపాటు మాంసకృత్తులు, కాల్షియం కూడా పలచబడతాయి. మీగడ తీస్తే కొవ్వే పోతుంది.

ఇక ఆ మిగిలిన గిలాసెడు పాలను ఎప్పుడు తాగాలి? రాత్రి తాగితే లావవుతారని, పొద్దున తాగితే కారని అంటారు. రోజు మొత్తంలో ఎంత తిన్నామన్నదే ఒంటికి లెక్క. మీ కట్టుదాటే సమయం ఏదో అప్పుడు తాగండి. చాలామందికి అది సాయంత్రం ఐదు, ఆరు గంటల మధ్య. ఆఫీసు నుంచి, కొట్టు నుంచి తిరిగొస్తుంటే దారిలో బజ్జీల బండి వాసన పట్టి లాగుతుంది. ఆ సమయానికి 200 మిల్లీలీటర్ల టోన్డ్ లేదా డబుల్ టోన్డ్ పాలు, చక్కెర లేకుండా, గుప్పెడు వేయించిన శనగలతో తీసుకుంటే ఆకలి రాత్రి అన్నం దాకా ఆగుతుంది. పాలలోని మాంసకృత్తులు నెమ్మదిగా అరుగుతాయి, అందుకే కడుపు నిండినట్టు ఉంటుంది. ఇలా తాగిన పాలు బజ్జీని తప్పించాలి. బజ్జీ తిని పైన పాలు తాగితే రెండూ కలుస్తాయి.

రాత్రి పాలలో కలిపే పౌడర్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మాల్ట్ పౌడర్లలో చాలావాటికి డబ్బా వెనక పోషకాల పట్టిక చూస్తే చక్కెర వాటా కళ్లు తెరిపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింక్ అనే విభాగంలో చూపవద్దని సూచించింది. పసుపు, మిరియాలు, యాలకులు వేసుకోండి, అభ్యంతరం లేదు. ఎండాకాలంలో తాగే తీపి లస్సీ, బాదం పాలు, రోజ్ మిల్క్ పాల లెక్కలోకి రావు. అవి మిఠాయి లెక్కలోకి వస్తాయి. బాదంతో చేసి డబ్బాలో అమ్మే పాలలో క్యాలరీలు తక్కువే, మాంసకృత్తులు కూడా అంతే తక్కువ. సోయా పాలు ఈ విషయంలో ఆవు పాలకు దగ్గరగా ఉంటాయి, తీపి కలపనివి చూసి కొనండి.

పాలు తాగగానే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనం అయ్యేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ చాలామందికి వయసుతోపాటు తగ్గిపోతుంది. 1981లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఢిల్లీ వాళ్లలో నూటికి 27 మందికి ఈ ఇబ్బంది కనిపిస్తే, తిరువనంతపురం, పాండిచ్చేరి వాళ్లలో 66 మందికి కనిపించింది. దక్షిణాది ఇళ్లలో పాల కంటే పెరుగుకు పెద్దపీట ఉండటం ఆ ఒళ్లకు తగినదే. తోడుకున్నప్పుడు లాక్టోజ్‌లో కొంత పులిసి తగ్గుతుంది, మిగిలినది అరగడం తేలిక. పాలు పడనివాళ్లు బలవంతంగా తాగనక్కర్లేదు. ఆ 300 మిల్లీలీటర్లను పెరుగుగా మార్చుకోండి.

మనది సల్ల తాగిన నేల. మక్క గట్క వండి, చల్లారాక సల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిన్న తరం ఇంకా మన ఇళ్లలో ఉన్నది. పెరుగును చిలికి వెన్న తీసేసిన సల్లలో కొవ్వు చాలా తక్కువ. యాభై గ్రాముల పెరుగును నీళ్లు పోసి గిలక్కొట్టి, ఉప్పు కొంచెమే వేసి, కరివేపాకు, జీలకర్ర కలిపితే పెద్ద లోటాడు మజ్జిగ. క్యాలరీలు ముప్పై, నలభైకి మించవు. వరంగల్ ఎండల్లో కూల్‌డ్రింక్ సీసాకు దీన్ని మించిన జవాబు లేదు. పెరుగన్నంలో మాత్రం పెరుగు తక్కువ, అన్నం ఎక్కువ అయిపోతుంది. చివర్లో కలుపుకునే ఆ రెండో విడత అన్నాన్ని సగానికి తగ్గించి, పెరుగును గిన్నెలో విడిగా తినడం అలవాటు చేసుకోండి.

రెండు నెలలు ఇలా నడిచాక ఫలితం చూసుకోండి. వారానికి అర కిలో తగ్గితే సరైన వేగం. అంతకన్నా పరుగెత్తితే కండ పోతున్నదేమో అనుమానించండి. బరువుతోపాటు బొడ్డు మీదుగా టేపు పెట్టి చుట్టుకొలత రాసుకోండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. బరువు కదలకపోయినా నడుము కొలత తగ్గుతుంటే దారి సరైనదే. రెండూ కదలకపోతే ఇక పాల జోలికి వెళ్లకండి, అన్నం గరిటెను, నూనె డబ్బాను కొలవండి. తర్వాతి అధ్యాయం వాటి గురించే.

ఇంట్లో ఒకరి కోసం మార్చిన ప్యాకెట్ అందరికీ సరిపోదు. రెండేళ్ల లోపు పిల్లలకు కొవ్వు తీసిన పాలు పట్టకూడదు, వాళ్ల మెదడు ఎదుగుదలకు ఆ కొవ్వు కావాలి. సన్నగా, బలహీనంగా ఉన్న పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఈ అధ్యాయం వర్తించదు. షుగర్ ఉన్నవాళ్లు గిలాసెడు పాలలో పది గ్రాముల లాక్టోజ్ ఉంటుందని గుర్తుంచుకొని, ఆ పూట అన్నంలో సర్దుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పాలలోని భాస్వరం, పొటాషియం లెక్క వేరు. వాళ్లు ఎన్ని పాలు తాగాలో డాక్టరే చెప్పాలి. కాబట్టి పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టండి. మీగడ తీయనివి పిల్లల గిన్నెలో, తీసినవి మీ గిన్నెలో. చాయ్ ఎప్పుడూ రెండో గిన్నెలోంచే పెట్టండి.